వోల్టేజీ, కరెంటు కొలతల నుంచి నిరోధం, పవర్ లెక్కించడం: బెంగళూరు ఇంటి ఉదాహరణలతో సమగ్ర మార్గదర్శి

ఒక పరికరం కొనల మధ్య ఉన్న వోల్టేజీని దానిలో ప్రవహిస్తున్న కరెంటుతో భాగిస్తే నిరోధం వస్తుంది. అవే రెండింటినీ గుణిస్తే పవర్ వస్తుంది. లెక్క వరకు చూస్తే విషయం ఇంతే, పదో తరగతి భౌతికశాస్త్రం చదివిన వారందరికీ తెలిసినదే. అయినా మారతహళ్లిలోనో కృష్ణరాజపురంలోనో అద్దెకుంటున్న తెలుగు కుటుంబం, చలికాలం ఉదయాన గీజర్ నీళ్లు ఎందుకు ఆలస్యంగా కాగుతున్నాయో, ప్లగ్గు పిన్ను ఎందుకు నల్లబడుతోందో, బ్యాటరీ కొత్తదే అయినా ఇన్వర్టర్ ఎందుకు ముందుగానే ఆగిపోతోందో తేల్చుకోవాలనుకున్నప్పుడు ఆ సూత్రం ఒక్కటే చాలదు. భాగహారంలో వేసే రెండు అంకెలూ ఒకే వస్తువుకు, ఒకే సమయంలో, అది పనిచేస్తున్న స్థితిలో తీసినవై ఉండాలి. అందుకే ఈ మార్గదర్శిలో సూత్రాలకన్నా కొలతకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

సూత్రాలు, వాటిలో ఏది ఎప్పుడు

మూల సూత్రాలు రెండే.

నిరోధం = వోల్టేజీ ÷ కరెంటు
పవర్ = వోల్టేజీ × కరెంటు

మొదటిదాన్ని రెండోదానిలో ప్రతిక్షేపిస్తే మరో రెండు రూపాలు వస్తాయి.

పవర్ = కరెంటు × కరెంటు × నిరోధం
పవర్ = వోల్టేజీ × వోల్టేజీ ÷ నిరోధం

ఈ చివరి రెండింటి విషయంలో చాలామందికి ఒక సందేహం మిగిలిపోతుంది. నిరోధం పెరిగితే వేడి పెరుగుతుందని ఒక సూత్రం, తగ్గుతుందని ఇంకొకటి చెబుతున్నట్టు కనిపిస్తుంది. రెండూ నిజమే; ఏది మారకుండా ఉందన్నదాన్ని బట్టి ఎంచుకోవాలి. గీజర్, ఇస్త్రీపెట్టె, నీళ్లలో వేసే హీటర్ రాడ్ వంటివాటికి లైను వోల్టేజీ దాదాపు స్థిరంగా అందుతుంది గనుక వాటికి వోల్టేజీ వర్గాన్ని నిరోధంతో భాగించే రూపం సరిపోతుంది, అక్కడ నిరోధం తక్కువగా ఉంటేనే వేడి ఎక్కువ. వైరు, ప్లగ్గు, స్విచ్చు వంటివాటిలో మాత్రం కరెంటు ఎంత ఉండాలో అవతలి పరికరం నిర్ణయిస్తుంది కనుక కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించే రూపం వాడాలి, అక్కడ నిరోధం పెరిగేకొద్దీ వేడి పెరుగుతుంది. ఈ తేడా మనసులో పెట్టుకుంటే ఇంటి వైరింగులో వచ్చే చిక్కుల్లో సగం వాటంతటవే అర్థమవుతాయి.

యూనిట్ల దగ్గర ఒక్క జాగ్రత్త చాలు. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఓములు, మిల్లీఆంపియర్లతో భాగిస్తే కిలోఓములు వస్తాయి. మీటరు 250 మిల్లీఆంపియర్లు చూపితే 0.25 ఆంపియర్‌గా మార్చుకున్న తరువాతే వాట్ల లెక్క చేయాలి.

ఈ సూత్రం పుట్టుకలోనూ కొలత కష్టమే కనిపిస్తుంది. జర్మనీకి చెందిన గేయార్గ్ సైమన్ ఓమ్ మొదట వాడిన బ్యాటరీల వోల్టేజీ ప్రయోగం మధ్యలోనే పడిపోతూ ఉండడంతో అంకెలు కుదరలేదు. తరువాత ఆయన అతుకుల మధ్య ఉష్ణోగ్రత తేడాతో వోల్టేజీ పుట్టించే, బిస్మత్, రాగి అతుకులున్న థర్మోకపుల్‌ను తీసుకొని, ఒక అతుకును మరిగే నీటిలోనూ మరొకదాన్ని మంచులోనూ ఉంచి స్థిరమైన వోల్టేజీని సంపాదించాడు. ఆ ఫలితాలు 1826లో వెలువడగా, 1827లో వాటి సిద్ధాంతాన్ని పుస్తకంగా ప్రచురించాడు. కరెంటు వల్ల పుట్టే వేడి కరెంటు వర్గానికి అనుపాతంలో ఉంటుందని జేమ్స్ జౌల్ 1841లో ప్రకటించాడు.

కొలవడానికి ముందు

బెంగళూరులో మీటరు కొనాలంటే ఎస్పీ రోడ్డుకు, అంటే సదర్ పత్రప్ప రోడ్డుకు వెళ్లడం అందరికీ అలవాటే. అక్కడ అన్నిటికన్నా చౌకగా దొరికే డీటీ-830 తరహా మల్టీమీటరుతో డీసీ వోల్టేజీ, ఏసీ వోల్టేజీ, నిరోధం, డీసీ కరెంటు కొలవవచ్చు గానీ, దానిలో ఏసీ కరెంటు కొలిచే స్థానమే ఉండదు. పైగా దాని 10 ఆంపియర్ల రంధ్రం వెనుక సాధారణంగా ఫ్యూజు కూడా ఉండదు. కాబట్టి ఆ మీటరును బ్యాటరీలు, అడాప్టర్లతో చేసే పనికే పరిమితం చేయాలి. ఇంటి లైను కరెంటు కోసం, తీగను తెంపకుండానే దాని చుట్టూ దవడలు మూసి కరెంటును చదివే క్లాంప్ మీటరు వాడాలి. ఇన్వర్టర్ బ్యాటరీ కరెంటు కూడా చూడాలనుకుంటే డీసీని కూడా కొలవగల క్లాంప్ మీటరునే అడిగి తీసుకోవాలి, ఎందుకంటే తక్కువ ధర క్లాంపులు ఏసీని మాత్రమే చూపుతాయి. ఒక్క మీటరే కొనగలిగితే ఆ డీసీ క్లాంపునే కొనమంటాను.

మనదేశంలో ఇళ్లకు వచ్చే సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. చర్మం తడిగా ఉన్నప్పుడు శరీర నిరోధం సుమారు 1000 ఓముల దాకా పడిపోవచ్చు. 230 ÷ 1000 = 0.23 ఆంపియర్, అంటే 230 మిల్లీఆంపియర్లు. ప్రాణం తీయడానికి అది చాలినంత కన్నా ఎక్కువ. ఇళ్లలో రక్షణ కోసం పెట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే సరఫరాను ఆపేసేలా తయారవడానికి కారణం ఈ లెక్కే. సాకెట్టును విప్పి, వైర్లు బయటపెట్టి చేయవలసిన కొలత ఏదైనా లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. బయటి నుంచి, ఏ తీగనూ తాకకుండా చేయగల పద్ధతి ఒకటి ఈ వ్యాసంలో తరువాత వస్తుంది.

మొదటి అభ్యాసం: 12 వోల్టుల అడాప్టరు, 47 ఓముల రెసిస్టరు

తెల్లటి సిమెంటు పెట్టెలా ఉండే 47 ఓములు, 5 వాట్ల రెసిస్టరును 12 వోల్టుల డీసీ అడాప్టరుకు కలపండి. నిరోధం, పవర్ రెండూ ఇందులో తేలికగా, ప్రమాదం లేకుండా కొలవవచ్చు.

మొదట మీటరు నల్ల తీగను కామ్ రంధ్రంలోనూ, ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలోనూ పెట్టి, అడాప్టరు నుంచి రెసిస్టరుకు వెళ్లే ఒక తీగను తెంపి ఆ ఖాళీలో మీటరును కలపాలి. కరెంటు మొత్తం మీటరు గుండానే పోవాలి. కరెంటు స్థానంలో ఉన్న మీటరును సరఫరా రెండు కొనల మధ్య నేరుగా పెట్టడం ఈ పనిలో జరిగే అతి పెద్ద పొరపాటు. కరెంటు రంధ్రంలో మీటరు నిరోధం ఓములో చిన్న భాగమే కనుక అది షార్ట్ సర్క్యూట్ అవుతుంది. కరెంటు రాసుకున్నాక సరఫరా ఆపి, ఎర్ర తీగను వోల్టుల రంధ్రంలోకి మార్చి, సర్క్యూట్టును మళ్లీ అతికించి, రెసిస్టరు రెండు కాళ్ల మీదనే వోల్టేజీ చూడాలి. అడాప్టరు మీద 12 అని రాసి ఉన్నా లోడు పడిన తరువాత అది 12 ఉండకపోవచ్చు. మీ దగ్గర రెండు మీటర్లుంటే రెండు అంకెలనూ ఒకేసారి చదవడం ఇంకా మంచిది.

వోల్టేజీ 11.8, కరెంటు 0.25 ఆంపియర్ వచ్చాయనుకుందాం.

నిరోధం = 11.8 ÷ 0.25 = 47.2 ఓములు
పవర్ = 11.8 × 0.25 = 2.95 వాట్లు

ఇక్కడే ఆగిపోకుండా, ఈ అంకెలను ఎంతవరకు నమ్మవచ్చో చూడాలి. 10 ఆంపియర్ల స్థానంలో మీటరు 0.01 ఆంపియర్ కన్నా చిన్న తేడాను చూపలేదు, అంటే 0.25లో 4 శాతం అనిశ్చితి ఉంది. వోల్టేజీలో 0.1 వోల్టు తేడా అనుకుంటే ఇంకో 0.85 శాతం. భాగహారంలోనైనా గుణకారంలోనైనా ఈ శాతాలు కలుస్తాయి, కాబట్టి మొత్తం దాదాపు 5 శాతం. నిజాయితీగా రాయాలంటే నిరోధం 47 ± 2 ఓములు, పవర్ 2.95 ± 0.14 వాట్లు. కాలిక్యులేటరు చూపించే 47.2లోని దశాంశానికి ఈ కొలతలో విలువ లేదు.

పవర్ లెక్క ఉపయోగం కూడా ఈ ఉదాహరణలోనే తెలుస్తుంది. అదే 47 ఓముల విలువతో చిన్న పావు వాటు రెసిస్టరు కూడా దొరుకుతుంది. దాన్ని ఇక్కడ పెడితే తట్టుకోగలిగినదానికి దాదాపు పన్నెండు రెట్లు పవర్ దానిలో ఖర్చవుతుంది, కొద్ది సెకన్లలోనే పొగ వస్తుంది. ఓములు సరిపోయినంత మాత్రాన వాట్లు సరిపోయినట్టు కాదు.

భాగహారం మోసగించే చోట్లు

కొన్ని వస్తువుల నిరోధం ఒకే అంకె కాదు. 230 వోల్టులు, 60 వాట్ల పాత పిలమెంటు బల్బును చూడండి. వెలుగుతున్నప్పుడు కరెంటు 60 ÷ 230 = 0.26 ఆంపియర్, నిరోధం 230 × 230 ÷ 60 = 882 ఓములు. అదే బల్బును చల్లగా ఉన్నప్పుడు తీసి మల్టీమీటరుతో చూస్తే అందులో పదో వంతు కన్నా తక్కువ చూపుతుంది. తప్పు మీటరుది కాదు, సూత్రానిదీ కాదు; టంగ్‌స్టన్ నిరోధం వేడితో బాగా పెరుగుతుంది, వెలిగే పిలమెంటు రెండు వేల డిగ్రీలు దాటి ఉంటుంది. స్విచ్చు వేసిన తొలి క్షణంలో కరెంటు ఎన్నో రెట్లు ఎక్కువగా దూకడం వల్లనే పాత బల్బులు తరచుగా స్విచ్చు వేసేటప్పుడే పోయేవి. గీజర్లలో వాడే నైక్రోమ్ తీగ ఇందుకు భిన్నం. దాని నిరోధం వేడితో చాలా కొద్దిగానే మారుతుంది కనుక గీజర్ ఎలిమెంటును చల్లగా కొలిచినా వేడిగా లెక్కించినా దాదాపు ఒకే విలువ వస్తుంది.

ఎల్ఈడీకి మొత్తం మీద ఒకే నిరోధం అన్న మాటే పొసగదు, ఎందుకంటే దాని వోల్టేజీ కొద్దిగా పెరిగినా కరెంటు చాలా ఎక్కువగా పెరుగుతుంది. అందుకే దానికి వరుసలో పెట్టే రెసిస్టరునే లెక్కిస్తాం. 5 వోల్టుల సరఫరా, 2 వోల్టుల ఎర్ర ఎల్ఈడీ, 15 మిల్లీఆంపియర్లు కావాలంటే రెసిస్టరు మీద మిగిలే వోల్టేజీ 3. 3 ÷ 0.015 = 200 ఓములు. అంగడిలో సులువుగా దొరికే 220 ఓములు పెడితే కరెంటు 13.6 మిల్లీఆంపియర్లవుతుంది, రెసిస్టరులో ఖర్చయ్యే పవర్ 0.04 వాటు, పావు వాటుది చాలు.

గీజర్: పేరుపలక నుంచి అసలు పవర్ వరకు

గీజర్ పేరుపలక మీద 2000 వాట్లు, 230 వోల్టులు అని ఉంటే కరెంటు 8.7 ఆంపియర్లు, నిరోధం 230 × 230 ÷ 2000 = 26.45 ఓములు. 6 ఆంపియర్ల చిన్న సాకెట్టు 6 × 230 = 1380 వాట్ల వరకే భరించగలదు గనుక గీజరుకు 16 ఆంపియర్లది తప్పనిసరి. పీజీ హాస్టళ్లలో చాలామంది కొనుక్కునే 1500 వాట్ల హీటర్ రాడ్ కూడా 6.5 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి చిన్న సాకెట్టుకు అది కూడా తగదు. మూడు పిన్నుల కన్వర్టరుతో దాన్ని చిన్న సాకెట్టులో దూర్చడం పీజీల్లో మామూలైపోయింది గానీ ఆ అలవాటును మానుకోవాలి.

ఇప్పుడు లైను వోల్టేజీ 210కి పడిపోయిందనుకుందాం. పేరుపలక మీది 2000 వాట్లను నమ్ముకొని 2000 ÷ 210 = 9.5 ఆంపియర్లు అని లెక్క వేయడం తప్పు. గీజరులో మారనిది పవర్ కాదు, నిరోధం. పవర్ = 210 × 210 ÷ 26.45 = 1667 వాట్లు, కరెంటు 7.94 ఆంపియర్లు. వోల్టేజీ తొమ్మిది శాతం తగ్గితే పవర్ పదిహేడు శాతం దాకా తగ్గింది. 15 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు వేడి చేయడానికి 15 × 4186 × 35, అంటే సుమారు 22 లక్షల జౌళ్లు కావాలి. 2000 వాట్లతో 18 నిమిషాలు, 1667 వాట్లతో 22 నిమిషాలు. ఖర్చయ్యే విద్యుత్తు మాత్రం రెండు సందర్భాల్లోనూ 0.61 యూనిట్టే, ట్యాంకు నుంచి బయటికి పోయే కొద్దిపాటి వేడిని పక్కన పెడితే. తక్కువ వోల్టేజీ వల్ల గీజర్ బిల్లు పెరుగుతుందన్న మాటలో పస లేదు, ఆలస్యం మాత్రం నిజం.

పేరుపలక మీది అంకె కూడా ఖచ్చితమైనది కాదు. వేడి చేసే పరికరాలకు ప్రమాణాలు 10 శాతం తక్కువ నుంచి 5 శాతం ఎక్కువ వరకు తేడాను అనుమతిస్తాయి. అసలు విలువ తెలుసుకోవడానికి నేను అన్నిటికన్నా ఇష్టపడే పద్ధతి ఇంటి మీటరు మీద మెరిసే ఎర్ర దీపాన్ని లెక్కించడం. బెంగళూరు విద్యుత్ పంపిణీ సంస్థ బెస్కామ్ పెట్టిన ఎలక్ట్రానిక్ మీటరు ముఖం మీద కిలోవాట్ అవర్‌కు ఎన్ని పల్సులో ముద్రించి ఉంటుంది. ఇక్కడ 3200 అనుకుందాం. ఏ తీగనూ ముట్టనవసరం లేదు.

పవర్ = పల్సుల సంఖ్య × 36,00,000 ÷ (మీటరు స్థిరాంకం × సెకన్లు)

గీజర్ వేసే ముందు ఫ్రిజ్, వైఫై వంటివి వాడుకుంటున్నది ఎంతో చూడాలి. 15 సెకన్లకు ఒక మెరుపు వస్తే 36,00,000 ÷ (3200 × 15) = 75 వాట్లు. గీజర్ వేసిన తరువాత 20 మెరుపులు 11.2 సెకన్లలో వచ్చాయనుకుంటే మొత్తం 2009 వాట్లు. తేడా 1934 వాట్లు, ఇది గీజర్, దాని వైరు కలిసి తీసుకుంటున్నది. ఈ లెక్క చేస్తున్నంతసేపూ ఫ్రిజ్ కంప్రెసరు మధ్యలో ఆగడమో మొదలవడమో జరగకుండా చూసుకోవాలి. ఆ సమయంలోనే, గీజరుకు పెట్టిన 16 ఆంపియర్ల ప్లగ్-ఇన్ మీటరు 226 వోల్టులు చూపితే

కరెంటు = 1934 ÷ 226 = 8.56 ఆంపియర్లు
నిరోధం = 226 × 226 ÷ 1934 = 26.4 ఓములు

పేరుపలక నుంచి వచ్చిన 26.45కు ఇది దగ్గరగా ఉంది కాబట్టి ఎలిమెంటు బాగానే ఉందని నిశ్చింతగా చెప్పవచ్చు. వైరులో పోయే కొద్దిపాటి వాట్లు ఈ లెక్కలో కలిసిపోయినా అది మన అవసరానికి అడ్డురాదు. క్లాంప్ మీటరు ఉంటే కరెంటును నేరుగా చూడవచ్చు, కాకపోతే దవడల మధ్య ఫేజు తీగ ఒక్కటే ఉండాలి; ఫేజు, న్యూట్రల్ రెండూ ఉన్న కేబులును పట్టిస్తే రెండు కరెంట్లూ ఒకదాన్నొకటి రద్దు చేసుకొని సున్నా చూపుతుంది.

కాలుతున్న ప్లగ్గు: చిన్న నిరోధాన్ని పట్టుకోవడం

ఈ మార్గదర్శిలో అన్నిటికన్నా పనికొచ్చే భాగం ఇదేనని నా నమ్మకం. గీజర్ ఆపి ఉన్నప్పుడు అదే సాకెట్టులో 232 వోల్టులు, వేసినప్పుడు 226 వోల్టులు ఉన్నాయనుకుందాం. తగ్గిన 6 వోల్టులను 8.56 ఆంపియర్లతో భాగిస్తే 0.7 ఓము. ట్రాన్స్‌ఫార్మరు నుంచి మీ సాకెట్టు దాకా ఉన్న తీగలు, అతుకులు, స్విచ్చులు అన్నిటి నిరోధం కలిపి ఇది. ఆ దారిలో వేడిగా మారుతున్న పవర్ 6 × 8.56 = 51 వాట్లు. లైను వోల్టేజీ తనంతట తానే ఊగిసలాడుతుంది కాబట్టి ఒక్కసారి చూసి నిర్ణయానికి రాకూడదు. గీజరును ఆపుతూ వేస్తూ అయిదారుసార్లు కొలిచి, తేడాల సగటు తీసుకోవాలి.

ఇందులో ఇంటి వైరు వాటా ఎంతో లెక్కతోనే తెలుస్తుంది. రాగి నిరోధకత 20 డిగ్రీల దగ్గర, 1.72ను పది కోట్లతో భాగిస్తే వచ్చేన్ని ఓమ్ మీటర్లు. ఇంటి లెక్కకు అనువుగా చెప్పాలంటే, ఒక చదరపు మిల్లీమీటరు మందమున్న రాగి తీగకు మీటరుకు 0.0172 ఓము. బోర్డు నుంచి గీజరుకు 20 మీటర్లయితే పోను, రాను 40 మీటర్లు, తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లదైతే 0.0172 × 40 ÷ 2.5 = 0.275 ఓము. దానిలో 8.56 ఆంపియర్లకు 2.4 వోల్టులు తగ్గి, 20 వాట్లు 40 మీటర్ల పొడవునా పరచుకొని పోతాయి, తీగ తాకినా పెద్దగా వేడి తెలియదు. పాత ఇళ్లలో లైట్ల కోసం వేసే 1 చదరపు మిల్లీమీటరు తీగనే గీజరుకు కూడా వాడి ఉంటే 0.69 ఓము, దాదాపు 6 వోల్టులు, 50 వాట్లు. అది మార్చవలసిన తీగ.

ఎలక్ట్రీషియన్ బోర్డు దగ్గర ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే సరఫరా ఆపే స్విచ్చు) తరువాత వోల్టేజీ చూస్తూ ఉండగా, ప్లగ్గు అవతల, గీజర్ వైపు వోల్టేజీ కూడా చూసి, రెండింటి మధ్య తేడా 4.5 వోల్టులని చెప్పాడనుకుందాం. 4.5 ÷ 8.56 = 0.526 ఓము. తీగ లెక్క 0.275 మాత్రమే. మిగిలిన 0.25 ఓము ఎక్కడో ఒక అతుకులో, చాలాసార్లు వదులైన సాకెట్టు పట్టులో ఉంటుంది. 8.56 × 8.56 × 0.25 = 18 వాట్లు. తీగలో పోయే 20 వాట్లు 40 మీటర్లలో పంచుకుంటే, ఈ 18 వాట్లూ ఒక పిన్ను మొనలో పుడుతున్నాయి. ఎస్పీ రోడ్డులో దొరికే మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దానితో సీసం కరుగుతుందని గుర్తుచేసుకుంటే పిన్ను ఎందుకు నల్లబడుతోందో వేరే చెప్పనక్కరలేదు.

ఎంసీబీ ఎందుకు పడిపోలేదని అడిగేవారికి జవాబు కూడా ఈ అంకెల్లోనే ఉంది. ఎంసీబీ గమనించేది అధిక కరెంటును మాత్రమే. వదులైన అతుకు నిరోధాన్ని పెంచి కరెంటును కొద్దిగా తగ్గిస్తుందే తప్ప పెంచదు, కాబట్టి ప్లాస్టిక్ కరిగిపోతున్నా ఎంసీబీకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఆ పావు ఓమును మల్టీమీటరు ఓముల స్థానంలో పెట్టి వెతకడం కూడా దండగే. మీటరు తీగలకే అంత నిరోధం ఉంటుంది, పైగా అది పంపే పరీక్షా కరెంటు మిల్లీఆంపియర్లలో ఉంటుంది కనుక లోడు పడినప్పుడు మాత్రమే బయటపడే చెడ్డ అతుకు దానికి దొరకదు. చిన్న నిరోధాలను అసలు కరెంటు పారుతున్నప్పుడు వోల్టేజీ తేడాతోనే కొలవాలి.

ఇదే వర్గ సూత్రం ఈ నగరపు విద్యుత్ చరిత్రలోనూ ఉంది. 1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి దాదాపు 150 కిలోమీటర్ల దూరంలోని కోలారు బంగారు గనులకు, తెలుగువారు ఎందరో స్థిరపడిన ఆ ప్రాంతానికి, విద్యుత్తును అధిక వోల్టేజీతో పంపారు. 1905లో బెంగళూరు వీధి దీపాలకూ అక్కడి విద్యుత్తే వెలుగునిచ్చింది. వెయ్యి కిలోవాట్లను 230 వోల్టులతో పంపాలంటే 4348 ఆంపియర్లు కావాలి, ఊహకు 33,000 వోల్టులు తీసుకుంటే 30 ఆంపియర్లు చాలు. అదే తీగలో నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక రెండింటి మధ్య తేడా 20 వేల రెట్లకు పైగా ఉంటుంది.

ఇన్వర్టర్ బ్యాటరీ

ఇక్కడ వోల్టేజీ తక్కువే గానీ కరెంటు ఎక్కువ. బ్యాటరీ లోపలి నిరోధం 0.017 ఓము అయితే రెండు కొనల మీదా పానా పడినప్పుడు 12.6 ÷ 0.017, అంటే 740 ఆంపియర్లు పారవచ్చు. ఉంగరాలు, గాజులు, వాచీ తీసి పక్కన పెట్టి, గాలి ఆడే చోట, నిప్పు దగ్గర లేకుండా పని చేయాలి.

ఇంటిలో 400 వాట్ల లోడు ఉండగా డీసీ క్లాంపు 42 ఆంపియర్లు చూపిందనుకుందాం. మీటరు మొనలను బ్యాటరీ సీసపు కొనల మీదనే ఆనిస్తే 11.9 వోల్టులు, ఇన్వర్టర్ వెనుక స్క్రూల మీద ఆనిస్తే 11.4 వోల్టులు. 0.5 ÷ 42 = 0.012 ఓము, అంటే 12 మిల్లీఓములు, నష్టం 0.5 × 42 = 21 వాట్లు. ఆ నష్టం ఎక్కడుందో చూడడానికి ఒక మొనను సీసపు కొన మీద, మరొక మొనను దానికి బిగించిన లగ్గు (కేబులు చివర ఉండే లోహపు ముక్క) మీద పెట్టాలి. అక్కడే 0.3 వోల్టు కనిపిస్తే కేబులును మార్చనక్కరలేదు, పేరుకున్న తెల్లటి పొడిని శుభ్రం చేసి లగ్గును బిగిస్తే చాలు.

అర వోల్టుకు ఇంత వివరం ఎందుకంటే, చాలా ఇన్వర్టర్లు తమ దగ్గర వోల్టేజీ సుమారు 10.5కు పడగానే సరఫరా ఆపేస్తాయి. కేబులులో అర వోల్టు పోతుంటే బ్యాటరీ ఇంకా 11 వోల్టుల దగ్గర ఉండగానే ఇన్వర్టర్ ఆగిపోతుంది. ఈ కొలత చేయకుండా కొత్త బ్యాటరీ కొంటే కొత్తది కూడా అలాగే ప్రవర్తిస్తుంది.

మోటారు, ఫ్యాను: గుణకారం ఎక్కువ చూపే చోట్లు

గీజర్, రాడ్ వంటివాటికి ఏసీలోనూ పై సూత్రాలే నేరుగా వర్తిస్తాయి. కాయిల్ ఉన్న మోటార్లలో మాత్రం కరెంటు వోల్టేజీ కన్నా వెనుకబడి నడుస్తుంది కాబట్టి రెండింటినీ గుణిస్తే వచ్చేది వోల్ట్ ఆంపియర్లు. వాట్లు కావాలంటే పవర్ ఫ్యాక్టరుతో, అంటే వోల్ట్ ఆంపియర్లలో నిజంగా పవర్‌గా మారే వంతుతో, కూడా గుణించాలి. సంపు నుంచి మిద్దె మీది ట్యాంకుకు నీళ్లెక్కించే ఒక హార్స్ పవర్ మోటారు 225 వోల్టుల దగ్గర 6.5 ఆంపియర్లు తీసుకుంటే 1462 వోల్ట్ ఆంపియర్లు. పవర్ ఫ్యాక్టరు 0.8 అయితే 1170 వాట్లు. ఇంటి బిల్లు ఈ 1170కే వస్తుంది. పవర్ ఫ్యాక్టరు తెలియకపోతే ఊహించనక్కరలేదు, మీటరు దీపం మెరుపులతో వాట్లు తెలుసుకొని వోల్ట్ ఆంపియర్లతో భాగిస్తే అదే వస్తుంది.

225 ÷ 6.5 = 34.6 ఓములు అన్నది ఈ మోటారు నిరోధం కాదు, ఇంపిడెన్సు, అంటే తీగ నిరోధంతో పాటు కాయిల్ ఏసీకి చూపే అడ్డంకి కూడా కలిసినది. సరఫరా పూర్తిగా ఆపి, కెపాసిటరును డిశ్చార్జి చేసి, ఎలక్ట్రీషియన్ ప్రధాన వైండింగును విడిగా కొలిస్తే ఉదాహరణకు 3 ఓములే రావచ్చు. ఆ 3 ఓములూ వృథా కాదు. వైండింగులో పుట్టే వేడిని దానితోనే లెక్కిస్తాం, వైండింగు ఎంత వేడెక్కిందో కూడా అదే చెబుతుంది. రాగి నిరోధం డిగ్రీల సెల్సియస్‌కు 234.5 కలిపితే వచ్చే సంఖ్యకు అనుపాతంలో పెరుగుతుంది. ఉదయం 25 డిగ్రీల దగ్గర 3.0 ఓములున్న వైండింగు, గంటసేపు నడిపి ఆపిన వెంటనే 3.6 ఓములు చూపితే (234.5 + 25) × 3.6 ÷ 3.0 = 311.4, దానిలోంచి 234.5 తీసేస్తే సగటున 77 డిగ్రీలు. పేరుపలక మీద ఇన్సులేషన్ తరగతి బి అని ఉంటే దాని పరిమితి 130 డిగ్రీలు కనుక మోటారు హాయిగానే నడుస్తోంది. ఇంత చిన్న నిరోధానికి ముందుగా మీటరు మొనలు రెండింటినీ ఒకదానికొకటి తాకించి, అప్పుడు చూపే అంకెను రెండు కొలతల నుంచీ తీసివేయడం మరచిపోకూడదు. వేడి కొలతను మోటారు ఆపిన నిమిషంలోపే పూర్తి చేయాలి, ఆలస్యమైతే వైండింగు చల్లబడి ఉష్ణోగ్రత తక్కువగా తేలుతుంది.